ఖాళీ సిలిండర్‌తో తొమ్మిది రోజులు

డెల్మర్ పికెట్ తన ట్రెయిలర్‌ను వెచ్చబెట్టే ఫర్నేస్‌ను వెన్న రాసుకునే కత్తితో బాగుచేసుకున్నానని ప్రకటించినప్పుడు హాల్లో ఎవరూ పెద్దగా తల ఎత్తలేదు. అది అంత గొప్పగా చెప్పుకోదగ్గ సంగతి కాదు. ఏడాది పొడుగునా ట్రెయిలర్లలో కాపురముండే వాళ్ళు చాకుతోనో, తలపిన్నుతోనో, చెప్పు మడమతోనో ఏదో ఒకటి బాగుచేసుకోకుండా వారం గడవదు. నోరీన్ బాస్కమ్ ఒక్కతే కాఫీ కప్పు బల్ల మీద పెట్టి అతని వైపు చూసింది. వెన్నకత్తితో అయ్యే మరమ్మతు ఫర్నేస్ మొత్తంలో ఒక్కటే ఉందని ఆమెకు తెలుసు. అది చేయకూడని మరమ్మతు అని కూడా తెలుసు.

అక్టోబరు నెల. ఉత్తర డకోటాలో చక్కెర దుంపల పని మూడు రోజులుగా ఆగిపోయి ఉంది. గడ్డకట్టిన దుంపను గుట్టలో పోస్తే తరవాత కరిగి, కుళ్ళి, పక్కవాటిని కూడా కుళ్ళబెడుతుంది. అందుచేత నేల మెత్తబడేదాకా యంత్రం కదపవద్దని కంపెనీ కబురు పంపింది. ఈ పనికోసం దేశం నలుమూలల నుంచి ట్రెయిలర్లు లాక్కుని వచ్చినవాళ్ళు ఊరి పశుప్రదర్శన మైదానంలో వరసలుగా దిగి ఉన్నారు. రోజూ పన్నెండు గంటలు రొద చేసే యంత్రాలు ఆగిపోయేసరికి మైదానం మీద అలవాటులేని నిశ్శబ్దం దిగింది. పొద్దున పదయినా పొగమంచు విడలేదు. దూరాన దుంపల గుట్టలు, కిందెవరో నిద్రపోతున్నట్టు, సన్నగా ఆవిరి వదులుతున్నాయి. పని లేనివాళ్ళు చేరడానికి ఒకే చోటు ఉంది, ప్రదర్శనకు తెచ్చిన దూడలను కట్టే రేకుల హాలు. అందులో ఒక మూల పెద్ద కాఫీ డ్రమ్ము, ఇంకో మూల కట్టెల పొయ్యి.

ఆ పొయ్యికి వీలైనంత దగ్గరగా డూలీ దంపతులు ముడుచుకుని కూర్చున్నారు. క్లేటన్ డూలీ ఉద్యోగం మానుకుని, ఇల్లు అమ్ముకుని, భార్య రోవీనాతో ట్రెయిలర్‌లోకి మారి ఇంకా ఏడాది కాలేదు. దుంపల పనికి రావడం ఇదే మొదలు. రెండు రాత్రులుగా వాళ్ళ ఫర్నేస్ ఒకటే వరస. ఫ్యాన్ తిరుగుతుంది, చల్లగాలి కొడుతుంది, మంట రాదు. మూడుసార్లు అలా ప్రయత్నించి మూగబోతుంది. రోవీనాకు ఉబ్బసం ఉంది. నిన్న రాత్రి ఇద్దరూ కోట్లు, బూట్లు విప్పకుండానే పడుకున్నారు. ఈ రాత్రి చలి ఇంకా ముదురుతుందని రేడియో చెప్పింది. సాయంత్రంలోగా ఫర్నేస్ వెలగకపోతే పని వదులుకుని దక్షిణానికి తిరిగిపోవడమేనని క్లేటన్ పొద్దుటి నుంచి రెండుసార్లు అన్నాడు.

కాఫీ అవగానే మీ బండి దగ్గరికి వెళదాం, అయిదు నిమిషాల పని అని డెల్మర్ వాళ్ళకు మాట ఇచ్చేశాడు. క్లేటన్ అప్పటికే వంటగదిలోంచి ఒక వెన్నకత్తి తెచ్చి, పవిత్రమైన వస్తువును పెట్టుకున్నట్టు, ముందు పెట్టుకున్నాడు.

నోరీన్ ఆ కత్తి వైపు చూస్తూ కూర్చుంది. ట్రెయిలర్‌లో ఫర్నేస్ వెలగడానికి ఒక క్రమం ఉంది. ముందు ఫ్యాన్ తిరగాలి. ఆ గాలి తాకిడికి లోపల ఒక పలుచటి రేకు లేవాలి. రేకు లేచిందంటే గాలి చాలినంత ఉన్నట్టు. అప్పుడే గ్యాస్ తెరుచుకుని మంట అంటుకుంటుంది. బ్యాటరీ నీరసించి ఫ్యాన్ మెల్లగా తిరిగినా, కుక్కబొచ్చు అడ్డుపడినా రేకు లేవదు, మంట రాదు. చలికి విసిగినవాళ్ళు కొందరు రేకును పీకేసి, దాని రెండు తీగలను ఒకదానికొకటి మెలిపెడతారు. ఇక గాలి ఉన్నా లేకున్నా ఫర్నేస్ వెలుగుతుంది. గాలి చాలని మంట మురికిగా మండుతుంది. రంగూ వాసనా లేని విషం వదులుతుంది. ఐడహోలో ట్రెయిలర్ల మరమ్మతు షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేసిన నోరీన్, అలా మెలిపెట్టిన తీగలను తన చేతులతో నాలుగుసార్లు విప్పింది. అందులో రెండుసార్లు విప్పమని అడిగింది బండి సొంతదారులు కాదు, పోలీసులు.

అయినా ఆమె వెంటనే నోరు విప్పలేదు. దుంపల మైదానంలో రాయని మర్యాద ఒకటి ఉంది. పిలవనిదే ఒకరి ట్రెయిలర్ మెట్టు ఇంకొకరు ఎక్కరు. అడగనిదే ఒకరి బండి గురించి ఇంకొకరు మాట ఎత్తరు. ఇంత ఇరుకున ఇంతమంది తగవుల్లేకుండా బతకగలుగుతున్నది ఆ మర్యాద వల్లనే. పైగా డెల్మర్ డెబ్భై దాటినవాడు, ఆరేళ్ళుగా పక్క స్థలంలోనే దిగుతున్నవాడు. నలుగురి ముందూ తప్పుపడితే అతనికి ముఖం చెల్లదు. కథ ముగిశాక పక్కకు పిలిచి చెబుదాం, డూలీ వాళ్ళ బండి దగ్గరికి మాత్రం అతన్ని వెళ్ళనివ్వకూడదు అని నిశ్చయించుకుని, కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

డెల్మర్ కథ ముగించే రకం కాదు.

ఆ రోజు చలి ఎంతో తెలుసా అని మొదలుపెట్టి, సున్నాకు పది కింద అన్నాడు. మైదానంలో అందరికన్నా పాతకాపు గస్ వెంట్ దగ్గాడు. ముప్పై అన్నాడు డెల్మర్. గస్ మళ్ళీ దగ్గాడు. అరవై అన్నాడు.

"ఇంక దగ్గకు గస్, నాకు అంకెలు చాలవు."

అంత చలిలో మనిషి నీడ నేలకు అతుక్కుపోతుందట. ట్రక్కు దిగి ట్రెయిలర్ దాకా నడిచి మెట్టు ఎక్కితే, తను లోపలికి వచ్చాడు గాని నీడ రాలేదట. తెల్లవారి తలుపు తీసి చూస్తే మంచు మీద అలాగే పడి ఉంది, ఒక చెయ్యి తలుపు పిడి వైపు చాచి. రాత్రంతా అది లోపలికి రానిమ్మని తట్టిందో ఏమో, తనకు వినబడలేదు. కెటిల్‌తో నీళ్ళు కాచి అంచుల వెంబడి పోసి, గోకి, ఊడదీసుకోవలసి వచ్చింది. ఎడమ భుజం దగ్గర కొంచెం చిరిగిందనీ, ఎండ వచ్చినప్పుడు చూపిస్తాననీ అన్నాడు.

"మూడు రోజులుగా ఎండే లేదు. నీకు బాగా కలిసొచ్చింది," అన్నాడు గస్.

నవ్వులు వినబడ్డాయి. డెల్మర్ కూడా నవ్వాడు, కాని నవ్వుతూ రెండు వేళ్ళతో కణత నొక్కుకున్నాడు. అతని బుగ్గలు ఈ వయసుకు తగనంత ఎర్రగా ఉన్నాయని నోరీన్‌కు తోచింది. పొయ్యి సెగ కావచ్చుననుకుంది. కాని పొయ్యికి అతను దూరంగానే కూర్చున్నాడు.

"ఇక నా ఫర్నేస్ సంగతి వినండి. ఏం చేసిందంటారు? మీది చేసిందే తమ్ముడూ, మూడుసార్లు గురకపెట్టి చచ్చింది. నేను కంగారుపడ్డానా? మూత ఊడదీశాను, లోపల ఆ రేకు ఉంది చూశారూ, పనికిమాలిన కాపలావాడు, వేళకు లేవడు, లేచినవాణ్ణి పని చెయ్యనివ్వడు, వాణ్ణి పీకి అవతల పారేశాను, రెండు తీగలకూ పెళ్ళి చేశాను, అంతే, భగ్గుమంది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మళ్ళీ దాని ముఖం చూడలేదు."

"ఎన్నాళ్ళయింది?" అని అడిగింది నోరీన్. ఆమె కథల మధ్యలో అడిగే మనిషి కాదు కనుక ఒకరిద్దరు ఆమె వైపు తిరిగారు.

"మొదటి మంచు పడ్డ నాడు. పన్నెండు రోజులు," అన్నాడు డెల్మర్ దర్జాగా.

పన్నెండు రోజులు. ఆమె మనసులో అతని ట్రెయిలర్ కనిపించింది. గాలి దూరకుండా చుట్టూ పేర్చుకున్న గడ్డికట్టలు, తలుపు వైపు ఒక వరస, ఉత్తరం వైపు రెండు వరసలు. ఫర్నేస్ పొగ బయటికి పోయే రంధ్రం ఉత్తరం వైపునే ఉంటుంది. రోజూ ఆ గడ్డి పక్కనుంచే నడిచి పనికి వెళ్ళింది తను. ఒకరి బండి సంగతి తనకెందుకని చూపు తిప్పుకుని వెళ్ళింది. ఇప్పటిదాకా డూలీ దంపతుల గురించి భయపడుతూ కూర్చున్నది. ప్రమాదంలో ముందు ఉన్నవాడు ఎదురుగా కూర్చుని గొప్పలు చెబుతున్నాడని అప్పుడు అర్థమైంది.

డెల్మర్ కథ ఈలోగా ముందుకు సాగిపోయింది. ఆ వేడికి పది ట్రెయిలర్ల మేర మంచు కరిగి బురదయిందట. దక్షిణానికి ఎగిరిపోతున్న బాతుల గుంపు వసంతం వచ్చిందనుకుని తిరిగివచ్చి తన కప్పు మీద గుడ్లు పెట్టిందట. దగ్గరి గుట్టలో దుంపలు ఉన్నపళాన ఉడికి పాకం కారితే, మేనేజరు బకెట్టు పట్టుకుని వచ్చి, ఎవరికీ చెప్పవద్దని బతిమాలుకున్నాడట. నేను పక్క వరసలోనే ఉన్నాను, నా గడ్డం మీద మంచే కరగలేదు గదా అని గస్ అడిగితే, నమ్మనివాళ్ళ వైపు వేడి పోకుండా కిటికీ మూసి ఉంచానని జవాబు వచ్చింది.

"ఆ తరవాత ఏమైందో తెలుసా? మూడో రోజుకు గ్యాస్ అయిపోయింది. సిలిండర్ ఒంటిచేత్తో ఎత్తి చూశాను, డొల్ల. లోపలికి వచ్చి చూస్తే ఫర్నేస్ మండుతూనే ఉంది. మర్నాడూ మండుతోంది. తొమ్మిది రోజులు, అమ్మా, ఖాళీ సిలిండర్ మీద. ఏం తిని మండుతోందంటారు?"

రోవీనా తెలియదన్నట్టు తల ఊపింది. డెల్మర్ గొంతు తగ్గించాడు.

"చలిని."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలింది. అతను తొందరపడలేదు. పొలాల మీద ఉన్న చలినంతటినీ ఆ ఫర్నేస్ కింది రంధ్రంలోంచి పీల్చుకోవడం తను కళ్ళారా చూశానన్నాడు. పొగమంచు సన్నటి తాడులా పేనుకుని లోపలికి పోతుందట. మరి చలిని పీల్చేది చలిలో ఉన్నవాటిని వదిలిపెడుతుందా? మొదట నేల కింద అడుగుల చప్పుడు. ఆ పైన గొట్టాల్లో ఊపిరి, మనిషి పక్కగదిలో పడుకుని తీసినట్టు. ఆ పైన గోడకున్న తెల్లపెట్టె తెల్లవారుజామున ఒకే వేళకు కేకలు వెయ్యడం మొదలుపెట్టింది.

"ఎలా కేకలు వేస్తుంది?" అంది నోరీన్.

"నాలుగు. కొంచెం ఆగి, మళ్ళీ నాలుగు. ఎవరో తలుపు బయట నిలబడి లెక్కపెడుతున్నట్టు. నాలుగు రోజులు ఓర్చుకున్నాను, అయిదో రోజున పీకి, తువ్వాలులో చుట్టి, ట్రక్కు సీటు కింద పెట్టాను. పెట్టగానే నోరు మూసింది. దేన్నయినా సరే నేను నోరు మూయించగలను."

"నీ నోరు తప్ప," అన్నాడు గస్. ఈసారి నవ్వింది గస్ ఒక్కడే.

డెల్మర్ కుక్క, బిస్కట్, ఆ రోజు నుంచి ట్రెయిలర్ గడప తొక్కడం మానేసిందట. ఎంత పిలిచినా మెట్టు దగ్గరే నిలబడి, లోపలికి చూసి, తోక ముడుచుకుని ట్రక్కు కిందికి పోతోంది. కుక్కకు కనిపించేది మనకు ఆలస్యంగా కనిపిస్తుందన్నాడు. తనకు ఆరో రోజున కనిపించారు. పాత సీజన్లలో ఈ దుంపల మధ్యే పోయినవాళ్ళు, యాభై అరవై ఏళ్ళ నాటివాళ్ళు, తన తలుపు ముందు వరసకట్టి నిలబడ్డారు. ఆ వరస మైదానం దాటి, నది దాటి, అవతల మిన్నెసోటా పొలాల్లోకి పోయింది. ఒక్కొక్కరి చేతిలో మంచుపట్టిన దుంప ఒకటి. ఎవరూ మాట్లాడరు, తోసుకోరు. నలుగురేసి లోపలికి వస్తారు, నలుగురేసి బల్ల చుట్టూ కూర్చుంటారు, చేతితొడుగులు విప్పి ఫర్నేస్ వైపు చాస్తారు.

"విప్పాక లోపల చేతులు ఉండవు," అన్నాడు డెల్మర్. "అయినా చాస్తారు."

రోవీనా తెలియకుండానే తన చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. తను వాళ్ళందరికీ కాఫీ పోశానన్నాడు డెల్మర్. కప్పుల్లో కాఫీ తగ్గదు, చల్లారుతుంది, అంతే. ఒక పొద్దున నాలుగువేల మందికి పోశాడు. అంతమంది పట్టడానికి ట్రెయిలరే పెరిగింది. ఇరవైనాలుగు అడుగుల బండిలో మంచం మీంచి లేచి కుళాయి దగ్గరికి వెళ్ళడానికి అరగంట పట్టింది. దారిలో రెండుసార్లు గోడ పట్టుకుని కూర్చోవలసి వచ్చింది. వెళ్ళేముందు వాళ్ళు తనకు కృతజ్ఞతగా ఒక ఇనుప కిరీటం పెట్టారు. మహా బరువు. నిద్ర లేచేసరికి తల చుట్టూ బిగిసి ఉంటుంది. బయటికి వచ్చి గంటసేపు తిరిగితే దిగిపోతుంది. లోపలికి వెళితే మళ్ళీ వాళ్ళు తెచ్చి పెడతారు. ఉత్తర డకోటా మొత్తంలో చనిపోయినవాళ్ళు ఏకగ్రీవంగా ఎన్నుకున్న రాజు తను ఒక్కడేనట.

"భయం వెయ్యలేదా మీకు?" అని అడిగింది రోవీనా.

"భయమెందుకమ్మా. ఆవిడ ఉంది గదా."

ఆ మాట అన్నప్పుడు అతని గొంతులో గొప్ప లేదు. ఎవరావిడ అని క్లేటన్ అడిగాడు. అందరికన్నా ముందు ఆవిడే వచ్చిందన్నాడు డెల్మర్. బూడిదరంగు పనికోటు, గుండీలు ఎప్పుడూ ఒకటి తప్పించి పెట్టుకుంటుంది. బల్ల దగ్గర కిటికీ వైపు కూర్చుంటుంది. కప్పు ముందుకు లాక్కుని, పిడి గోడవైపు తిప్పి పెడుతుంది. మాట్లాడదు. ఫర్నేస్ మూత మీద వేలితో తడుతుంది, రెండు తట్లు ఫ్యాన్‌కు, మూడు తట్లు గ్యాస్‌కు. అలా తనకు ఫర్నేస్ శాస్త్రమంతా నేర్పింది. ఇప్పుడు తను కళ్ళకు గంత కట్టుకుని, చెయ్యి వెనక్కి కట్టుకుని, ఇక్కడినుంచి కెనడా హద్దు దాకా ఏ ఫర్నేస్ అయినా మండించగలడు. మొన్న ఒక్క పూటలో మూడువందలు మండించాడు. ఆవిడ పక్కన నిలబడితే చాలు.

నోరీన్ ఆ కిటికీ పక్క కుర్చీ ఎరుగును. ఆ బల్ల దగ్గర ఆరేళ్ళు ఆదివారం భోజనాలు చేసింది. ఎడమచేతివాటం మనిషి ఒకతె ఎదురుగా కూర్చుని కప్పు పిడి గోడవైపు తిప్పుకోవడం, గుండీలు తప్పుపెట్టుకుని భర్త చేత తిట్లు తినడం ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. డెల్మర్ భార్య లుసిల్ పికెట్ మార్చి నెలలో మిస్సోరీలో ఆసుపత్రిలో పోయింది. ఈసారి డెల్మర్ ఒంటరిగా ట్రెయిలర్ లాక్కుని వచ్చాడు. ఆమె పేరు అతను ఎత్తలేదు. మర్యాద ప్రకారం ఎవరూ ఎత్తలేదు.

"ఇవాళ పొద్దున కూడా వచ్చింది," అన్నాడు డెల్మర్. "మీ ఇద్దరి సంగతీ చెప్పాను. వాళ్ళకూ అలాగే చెయ్యి, చలికి వదిలెయ్యకు అన్నట్టు తల ఊపింది. కత్తి ఇటివ్వు తమ్ముడూ. లే, పోదాం."

క్లేటన్ లేచాడు. కత్తి తీసి అతనికి అందించబోయాడు.

గస్ ఒళ్ళు విరుచుకుంటూ, "ఇన్నేళ్ళుగా వింటున్నాను డెల్మర్. ఇప్పుడు చెప్పినదాంట్లో ఒక్క ముక్కయినా నిజముందా?" అన్నాడు.

"ఉంది," అంది నోరీన్.

ఆమె లేచి నిలబడింది. క్లేటన్ చేతిలోని కత్తి తీసుకుని బల్ల మీద తనవైపు పెట్టుకుంది. "నీడ ఊడదీయడం, బాతులు, ఖాళీ సిలిండర్, నది అవతలి వరస, అవి గొప్పలు. వాటి సంగతి నాకు అక్కర్లేదు. ఆవిడ మాత్రం గొప్ప కాదు. ఆవిడ అతనికి నిజంగానే కనిపిస్తోంది."

డెల్మర్ ముఖాన నవ్వు అలాగే ఉండిపోయింది, తీసుకోవడం మరచినట్టు. నమ్మనివాళ్ళను ఎలా ఎదుర్కోవాలో అతనికి యాభై ఏళ్ళ సాధన ఉంది. నమ్మిన మనిషికి ఏం చెప్పాలో తెలియలేదు.

"బయట ఎప్పుడైనా కనిపించిందా డెల్మర్? ఈ హాల్లో? ట్రక్కులో?"

"లేదు."

"ఫర్నేస్ ఆపి ఉన్నప్పుడు?"

అతను మళ్ళీ రెండు వేళ్ళతో కణత నొక్కుకున్నాడు.

"ఆ తెల్లపెట్టె విషవాయువును కనిపెట్టి హెచ్చరించేది. బ్యాటరీ కోసం కూస్తే నిమిషానికి ఒక్క కూత కూస్తుంది. నాలుగేసి కూసిందంటే గదిలో విషం ఉన్నట్టు. నీ తల చుట్టూ బిగిసేది అదే. గోడ పట్టుకుని కూర్చున్నది దానివల్లే. కుక్క ముందే కనిపెట్టింది." తరవాత ఆమె డూలీ దంపతుల వైపు తిరిగింది. "మీ ఫర్నేస్‌లో రేకు చెడిపోలేదు. గాలి చాలడం లేదని చెబుతోంది, అంతే. బ్యాటరీ చూద్దాం, బొచ్చో దుమ్మో ఉంటే తీద్దాం, సాయంత్రంలోగా వెలుగుతుంది. దాన్ని పీకిన ఇంట్లో ఎవరూ పడుకోకూడదు."

క్లేటన్ మెల్లగా కూర్చున్నాడు. రోవీనా అతని మోచెయ్యి పట్టుకుంది.

డెల్మర్ అప్పుడు మాట్లాడాడు. అంతా కోతలేనన్నాడు. పని లేక, పొద్దుపోక, నలుగురూ నవ్వుకుంటారని చెప్పానన్నాడు. "ఎవరూ రాలేదు నోరీన్. అక్కడ ఎవరూ లేరు. నేను అబద్ధాలకోరునని గస్‌ని అడుగు, చెబుతాడు."

ఆ ఒప్పుకోలు వినాలని గస్ వెంట్ ఎన్నో ఏళ్ళుగా కాచుకుని ఉన్నవాడు. ఇప్పుడు తలదించుకుని తన బూట్లకేసి చూసుకున్నాడు.

"తాళం ఇవ్వు," అంది నోరీన్.

ఆ మైదానంలో ఒకరి తాళం ఇంకొకరు అడగడం అంతవరకూ ఎవరూ వినలేదు. డెల్మర్ చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది.

"రేపు చేద్దువుగాని. ఈ ఒక్క రాత్రికీ ఉండనీ."

"రేపటికి నువ్వుండవు."

"పన్నెండు రాత్రులున్నాను గదా."

"ఇన్నాళ్ళూ ఫర్నేస్ ఆగి ఆగి మండింది గనుక ఉన్నావు. ఈ రాత్రి చలికి అది ఆగదు. తెల్లారేదాకా మండుతుంది."

అతను పొయ్యి వైపు తిరిగాడు. తరవాత ఎవరికీ వినబడకూడదన్నట్టు, కాని అందరికీ వినబడేలా అడిగాడు. "బాగుచేస్తే, ఇక రాదా?"

మెత్తగా ఏదో ఒకటి చెప్పి ఉండవచ్చు. నోరీన్‌కు అది చేతకాదు.

"రాదు," అంది.

డెల్మర్ తాళం తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. పెట్టి వెంటనే వదలలేదు. అతని వేళ్ళు మంచుగడ్డల్లా చల్లగా ఉన్నాయి.

"తలుపు నెమ్మదిగా తియ్యి, నోరీన్. ఆవిడకు చప్పుడు పడదు."

ఆమె పొగమంచులోకి నడిచింది. డెల్మర్ ట్రెయిలర్ దగ్గరికి చేరి ముందు సిలిండర్ మీట తిప్పి గ్యాస్ ఆపేసింది. ఉత్తరం వైపు గడ్డికట్టలను ఒక్కొక్కటిగా కాలితో తోసింది; వెనక పొగ రంధ్రం చుట్టూ చెయ్యంత వెడల్పున మసి పట్టి ఉంది. ట్రక్కు కిందినుంచి కుక్క తల బయటపెట్టి చూసింది, రాలేదు. కిటికీలోంచి బల్ల కొస మాత్రం కనిపిస్తోంది. ఇలాంటి బండి తలుపును ఒక్క ఊపున బార్లా తీసి పక్కకు తప్పుకోవాలి, గాలి ఆడనివ్వాలి. షెడ్డులో చేరినవాళ్ళకు మొదటి రోజున ఆమె నేర్పేది అదే.

నోరీన్ మెట్టెక్కి, పిడి మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి, చప్పుడు కాకుండా తలుపు తీసింది.